ఆమెన్ అనగానే వెనక్కి పడు

అనగనగా ఒక అడవి. అడవన్నాక పులి ఉండాలిగా అంటారు, తెలుసు నాకు. ఈ కథలో పులి లేదు. ఎండలు మండిపోతున్నాయని కొండెక్కి పడుకుంది. కాబట్టి ఎవరూ ఎవర్నీ తినరు. హాయిగా వినండి.

ఆ అడవిలో ఒక చర్చి ఉంది. తాటాకు కప్పు, మట్టి అరుగు, కొమ్మకి వేలాడే గంట. ఏటా ఎండాకాలం సెలవుల్లో అక్కడ పిల్లలకి వీబీఎస్ పెడతారు. వీబీఎస్ అంటే తెలుసుగా? సెలవుల బైబిలు బడి. పాటలు, ఆటలు, బొమ్మలకి రంగులు, మధ్యలో ఒక వాక్యం కంఠతా, చివర్లో బిస్కెట్లు. నిజం చెప్పండి, మీరూ బిస్కెట్ల కోసమే వెళ్తారు.

దాన్ని నడిపేది నెమలి జయపాలన్న. మైకు చేతికొస్తే చాలు, ఈకలు వాటంతటవే విచ్చుకుంటాయి. ఆయనకి ఇద్దరు సాయం. ఎలుగుబంటి సంసోను మావయ్య, దుప్పి రాహేలమ్మ ఆంటీ. సంసోను మావయ్యకి చేతులు ఇంత లావు. పని చెప్తే మాత్రం నడుం నొప్పి. రాహేలమ్మ ఆంటీ నోరు తెరిస్తే "బంగారం", మూస్తే "నా తండ్రీ". బిస్కెట్ల డబ్బా తాళం ఆమె దగ్గరే ఉంటది. కాబట్టి అందరికీ ఆమంటే గౌరవం.

ఆ ఏడాది పాఠం "దేవుణ్ణి నమ్ముదాం". దారి పొడవునా ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీ నిండా జయపాలన్నే, ఈకలు విప్పి. దేవుడి పేరు కింద మూలన, టెంటు వేసినోళ్ళ పేరు పక్కన, చిన్నగా. ఇంకా కిందకెళ్తే "అందరూ ఆహ్వానితులే" అని ఉంది.

ఆ "అందరూ" అన్న మాట దగ్గర ఒకడు ఆగిపోయాడు. వాడి పేరు తీతు. ముళ్ళపంది పిల్లోడు.

పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళాడు. "అమ్మా, అందరూ అంటే నేను కూడానా?"

వాళ్ళమ్మ సలోమి దుంప తవ్వుతా తవ్వుతా ఆగింది. "రాసినోళ్ళు నిన్ను తల్చుకుని రాసుండర్లే నాన్నా."

"కానీ అందరూ అని ఉందిగా. దేవుడు అందర్నీ తన చేతుల్తో పట్టుకుంటాడంట."

 సలోమి వైపు చెయ్యి చాపినోళ్ళని ఆమె ఎప్పుడూ చూళ్ళేదు. అయినా పిల్లోడి మొహం చూసి మెత్తబడింది. "సరే పో. కానీ భయపడమాక. నువ్వు భయపడితే ముళ్ళు లేస్తాయి. ముళ్ళు లేస్తే అందరూ దూరం పోతారు."

భయపడమాక అంటే భయం పోద్దా? ఎవడికన్నా పోయిందా ఇప్పటిదాకా?

మొదటిరోజు పాట. గుండ్రంగా నిలబడి, పక్కనోళ్ళ చెయ్యి పట్టుకుని, ఊగుతా పాడాలి. తీతు వచ్చి వరసలో నిలబడ్డాడు. ఇటు పక్క కోతిపిల్ల రూతు చెయ్యి వెనక్కి లాక్కుంది. అటు పక్క ఎవరూ మిగల్లేదు. తీతు ముళ్ళు గలగలా లేచినయ్.

సంసోను మావయ్య గబగబా వచ్చాడు. "నువ్వు చేతులు పట్టుకోవద్దులే నాన్నా. అదిగో, ఆ రాయి పక్కన నిలబడి చప్పట్లు కొట్టు. చప్పట్లు కూడా స్తుతే."

తీతు రాయి పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. పాట అయిపోయింది. వాడు ఇంకా కొడుతూనే ఉన్నాడు. ఆపమని చెప్పడానిక్కూడా ఎవరూ దగ్గరికి రాలేదు.

రెండోరోజు ఆట. కళ్ళకి గంతలు కట్టుకోవాలి. ఇంకొకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి. "దేవుడు మనల్ని ఇలాగే నడిపిస్తాడు!" అని మైకులో అరిచాడు జయపాలన్న. తీతు వంతు వచ్చేసరికి రాహేలమ్మ ఆంటీ ఎక్కడి నుంచో పొడుగాటి వెదురు బొంగు తెచ్చింది.

"ఆ చివర నువ్వు పట్టుకో బంగారం, ఈ చివర నేను. కాపరి దగ్గర కర్ర ఉంటది కదా, ఇదీ అంతే."

సగం దూరం పోయాక ఆంటీకి ఎవరో వదినగారు కనిపించారు. "వందనాలు వదినా! ఏంటి, చిక్కిపోయారు?" అంతే. బొంగు వదిలేసింది. తీతు మాత్రం నమ్మకంగా నడిచాడు. నడిచి నడిచి గేదెలు పొర్లే బురదగుంటలో ముక్కుతో దిగాడు.

అందరూ పడీ పడీ నవ్వారు. దేవుణ్ణి నమ్మే పిల్లలు కదా, నవ్వు కూడా గట్టిగానే వస్తది.

కుందేలు పిల్ల కెజియా ఒక్కతే వచ్చి, వాడి ముక్కు మీద బురద తన పంజాతో తుడిచింది.

"గుచ్చుకోదా నీకు?" అన్నాడు తీతు.

"ముక్కు మీద ముళ్ళెక్కడున్నాయిరా, ఎదవా?"

ఆ రోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బిస్కెట్లు తిన్నారు. వాడి పొట్ట మీద బిస్కెట్ పొడి పడితే కెజియా దులిపింది. దులిపి ఆగిపోయింది. "ఒరేయ్, నీ పొట్ట బన్నురొట్టెలా ఉందిరా!"

"అవును. పొట్ట మీద ముళ్ళుండవు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఎవరూ అంత దగ్గరికి రాలేదు" అన్నాడు తీతు.

ఆఖరిరోజు పెద్ద ప్రోగ్రాం. అమ్మానాన్నలందరూ వచ్చారు. సలోమి కూడా వచ్చింది. ఆమె కూర్చోగానే ఆ చుట్టుపక్కల చాపలన్నీ ఖాళీ అయిపోయాయి. అందరికీ ఒక్కసారే వేరే చోట నీడ కనిపించింది మరి.

జయపాలన్న మైకు అందుకున్నాడు. ఈకలు రెపరెపా విచ్చుకున్నాయి. "ప్రియమైన పిల్లలారా! ఇవాళ మన ఆట పేరు దేవుని చేతుల్లో. ఈ బండ ఎక్కాలి. మాకు వీపు పెట్టి నిలబడాలి. కళ్ళు మూసుకోవాలి. వెనక్కి పడిపోవాలి. కింద మేం ముగ్గురం పట్టుకుంటాం. వెనక్కి చూసినోడికి నమ్మకం లేనట్టే!"

మొదట కెజియా ఎక్కింది. దూదిపింజంత బరువు. వెనక్కి పడింది. ముగ్గురూ పోటీ పడి పట్టుకున్నారు. జనం చప్పట్లు.

తర్వాత సంసోను మావయ్య కొడుకు బర్నబా ఎక్కాడు. ఎలుగుబంటి పిల్ల, పనసకాయలా ఉంటాడు. వాడు పడితే ముగ్గురూ చతికిలబడ్డారు. "అబ్బా నా నడుం!" అన్నాడు మావయ్య. అయినా పట్టుకున్నారు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు.

తర్వాత తీతు ఎక్కాడు.

చప్పట్లు ఆగిపోయినయ్. జయపాలన్న రాహేలమ్మ ఆంటీని చూశాడు. ఆంటీ సంసోను మావయ్యని చూసింది. మావయ్య ఆకాశాన్ని చూశాడు. ఆకాశంలో ఏం లేదు.

తీతు బండ మీద వీపు తిప్పి నిలబడ్డాడు. వాడి ముళ్ళు గలగలలాడుతున్నాయి. అయినా నవ్వుతున్నాడు. రెండ్రోజుల నుంచి చప్పట్లూ, వెదురు బొంగూ. ఇవాళ మాత్రం నిజంగా చేతులంట. దేవుడి చేతులు ఎలా ఉంటాయో తెలిసిపోద్ది ఇంక.

"అన్నా, పడనా?"

"ఆగు నాన్నా, ఆగు!" అన్నాడు జయపాలన్న.

రాహేలమ్మ ఆంటీకి ఐడియా వచ్చింది. "ముందు ప్రార్థన చేద్దామయ్యా జయపాలూ. పిల్లోడికి ప్రత్యేకంగా."

"అవునవును! ప్రత్యేకంగా!" అన్నాడు సంసోను మావయ్య. "తీతూ, మేం ఆమెన్ అనగానే వెనక్కి పడు, సరేనా?"

"సరే మావయ్యా."

"అందరూ కళ్ళు మూసుకోండి!"

అందరూ మూసుకున్నారు. పట్టుకోవాల్సిన ముగ్గురూ మూసుకున్నారు. చేతులు కూడా జోడించుకున్నారు. ఇక మొదలైంది ప్రార్థన. వానల కోసం చేశారు. పుట్టగొడుగుల కోసం చేశారు. కొండ మీద పులి కొండ మీదే ఉండాలని మాత్రం కాస్త గట్టిగా చేశారు. మైకుసెట్టు గరగర తగ్గాలని చేశారు. చేస్తా చేస్తా, కళ్ళు మూసుకునే, జయపాలన్న ఒక అడుగు వెనక్కేశాడు. మిగతా ఇద్దరున్నారు కదా అనుకున్నాడు. రాహేలమ్మ ఆంటీ కూడా ఒక అడుగు వెనక్కేసింది. నా చర్మం అసలే సున్నితం, మిగతా ఇద్దరున్నారు కదా అనుకుంది. సంసోను మావయ్య అయితే రెండడుగులు వేశాడు.

"ఆమెన్!"

తీతు పడ్డాడు.

ధబ్.

ముళ్ళు విరిగిన చప్పుడు. దుమ్ము. 

వాడు ఏడవలేదు. నేల మీద నుంచే పైకి చూశాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది.

జయపాలన్నకి ముందు దొరికింది మైకే. "చూశారా ప్రియులారా! ఒక్క ఎముకైనా విరిగిందా? లేదు! దేవుడు ఎంత అద్భుతంగా కాపాడాడో! హల్లెలూయా అనండి!"

కొందరు అన్నారు కూడా. అలవాటు.

తీతు మెల్లగా అడిగాడు. "అన్నా, దేవుడు కూడా కళ్ళు మూసుకున్నాడా?"

జయపాలన్న ఈకలు సగం ముడుచుకున్నాయి. "అలా అడక్కూడదు నాన్నా. నీ నమ్మకం కాస్త తక్కువైంది. ఇదిగో, పెన్సిల్ తీస్కో. చివర రబ్బరు కూడా ఉంది."

"తప్పు బంగారం, దేవుణ్ణి అంత మాట అనకూడదు" అంది రాహేలమ్మ ఆంటీ, రెండు బారల దూరం నుంచి.

సలోమి వచ్చేసింది. కొడుకుని లేపింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "పద నాన్నా. మన బొరియలో మనమే ప్రార్థన చేసుకుందాం."

"నేను చెయ్యనమ్మా" అన్నాడు తీతు. "దేవుడి చేతులున్నది మెత్తగా ఉండేవాళ్ళ కోసమే."

ఆ మాట విని సలోమి మొహం వాడిపోయింది. పడ్డ దెబ్బ మానుద్ది. ఈ మాట మానుద్దా?

ఇద్దరూ వెళ్ళిపోతున్నారు. అప్పుడు కెజియా ఎగిరి వచ్చి మైకు ముందు నిలబడింది. మైకు అందలేదు. అయినా ఆ పిల్ల గొంతుకి మైకెందుకు?

"జయపాలన్నా! నిన్న మాతో రంగులేయించావే, ఆ బొమ్మలో యేసయ్య తల మీద ఏముంది?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"చెప్పు అన్నా. గోధుమరంగు వేశాను. నువ్వే గుడ్ అని రాశావ్."

"ముళ్ళ కిరీటం" అన్నాడు జయపాలన్న.

"గుచ్చుకోలేదా ఆయనకి?"

"గుచ్చుకుంది."

"మరి ఆయన వెనక్కి జరిగాడా?"

  జయపాలన్న ఈకలన్నీ మూసుకుపోయినయ్. ఈకలు లేకపోతే ఆయన చాలా చిన్నోడని ఆ రోజే తెలిసింది అందరికీ.

"పిల్లవి పిల్లలా ఉండవే!" అన్నాడు సంసోను మావయ్య. "అంత ముళ్ళోణ్ణి ఎవరు పట్టుకుంటారు? నువ్వు పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

"ఎట్టా?"

"పొట్ట పెట్టి పడమంటా. వాడి పొట్ట బన్నురొట్టె. నీకు తెలీదులే మావయ్యా, నువ్వెప్పుడు చూశావ్?"

బర్నబా ముందుకొచ్చాడు. "నేను కూడా పడతా. అంటే, పట్టుకుంటా." వాళ్ళ నాన్న వాడి చెవి పట్టుకోబోయాడు. వాడు తప్పించుకున్నాడు. రూతు కాసేపు చేతులు నలుపుకుంది. మొదటిరోజు లాగేసుకున్న చేతులే అవి. తర్వాత అదీ వచ్చి నిలబడింది.

"తీతూ! మళ్ళీ ఎక్కు!" అని అరిచింది కెజియా.

తీతు తల తిప్పలేదు. "ఎక్కను."

"ఎందుకురా?"

"మీరు కూడా ప్రార్థన చేస్తారు."

పిల్లలకి నవ్వొచ్చింది. కానీ ఎవరూ నవ్వలేదు.

"చెయ్యంరా ఇప్పుడు" అంది కెజియా. "మొత్తం అయ్యాక చేద్దాం. నువ్వు మా వైపు తిరిగి నిలబడు. కళ్ళు మూసుకోమాక. మా ముగ్గురి మొహాలూ చూడు. ఎవరన్నా జరిగితే నువ్వు దూకకు. అంతే."

జయపాలన్న అడ్డొచ్చాడు. "అది కుదరదు! కళ్ళు తెరుచుకుని పడితే నమ్మకం ఎలా అవుద్ది?"

తీతు ఆయన వైపు తిరిగాడు. "కళ్ళు మూసుకుని ఒకసారి పడ్డానుగా అన్నా."

అని బండ వైపు నడిచాడు. సలోమి వాడి తోక దగ్గర దాకా చెయ్యి చాపింది, ఆపుదామని. తర్వాత చెయ్యి దించేసింది.

తీతు ఎక్కాడు. ఇటు తిరిగాడు. ముళ్ళన్నీ నిటారుగా ఉన్నాయి. గలగల, గలగల.

కింద మూడు జతల చేతులు. కెజియావి బుల్లివి. బర్నబావి లావువి. రూతువి పొడుగువి.

వాడు చూశాడు. వాళ్ళు జరగలేదు. ఇంకాసేపు చూశాడు. రూతుకి ముక్కు దురద పుట్టింది, అయినా చెయ్యి తియ్యలేదు. గలగల తగ్గింది. ఇంకా తగ్గింది. ఒక్కో ముల్లూ వాలిపోయింది, గాలి ఆగాక గడ్డి వాలినట్టు.

తీతు పడ్డాడు.

పొట్ట వచ్చి ఆరు చేతుల్లో పడింది. మెత్తగా. నలుగురూ కలిసి దొర్లారు. పక్కల ఉన్న ముళ్ళు కొన్ని గుచ్చుకున్నాయి, గుచ్చుకోకుండా ఎందుకుంటాయి? బర్నబా "అమ్మోయ్!" అన్నాడు. రూతు ఏడుస్తా నవ్వింది. కెజియా అరిచేతిలో ఒక ముల్లు నిలువునా దిగింది. అయినా ముగ్గురిలో ఒక్కరూ వదల్లేదు.

వాళ్ళ చేతుల్లోనే పడుకుని తీతు అడిగాడు. "నొప్పిగా ఉందా?"

"చచ్చేంత" అంది కెజియా.

"మరి వదిలెయ్యొచ్చుగా."

"నోర్మూసుకుని పడుకో కాసేపు."

వాడు పడుకున్నాడు. కాసేపటికి, "దేవుడి చేతులు కూడా ఇట్టాగే ఉంటాయా?" అన్నాడు.

"నాకేం తెలుసురా? ఉండాలి మరి. లేకపోతే ఆయన దేవుడెందుకవుతాడు?"

అప్పుడు ఏడ్చాడు తీతు. పడ్డప్పుడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

సలోమి వచ్చి కూర్చుంది. పిల్లల చేతుల్లో దిగిన ముళ్ళు ఒక్కొక్కటీ పళ్ళతో లాగేసింది. నొప్పి తెలీకుండా ఊదింది. అంతా అయ్యాక లేచి, ఆ బండ వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చిన్నపిల్లలా, సిగ్గుపడతా అడిగింది.

"నేను కూడా ఒకసారి ఎక్కనా అమ్మా?"

కెజియా ఆమెని పైనుంచి కిందదాకా చూసింది. సలోమి తీతు కన్నా ఎంత పెద్దదో లెక్కేసుకుంది. తన బుల్లి చేతులు చూసుకుంది. వద్దు అనలేదు.

"ఆగండి ఆంటీ, ఇంకొంతమందిని పిలుస్తాం" అంది. వెనక్కి తిరిగి, అడవంతా అదిరేలా అరిచింది. "మావయ్యా! రా! ప్రార్థన తర్వాత చేద్దువుగాని!"

సంసోను మావయ్య కాళ్ళు చూసుకున్నాడు. నడుం మీద చెయ్యేసుకున్నాడు. జనం మొత్తం ఆయన్నే చూస్తున్నారు. సొంత కొడుకు, చేతికి రక్తం కారుతుంటే, ఇంకా చేతులు చాపుకుని నిలబడి చూస్తున్నాడు.

మావయ్య వచ్చాడు. రావడం లేటే. వచ్చి, ఆ లావుపాటి చేతులు పిల్లల చేతుల కింద పెట్టాడు. రాహేలమ్మ ఆంటీ కొంగు బిగించి, బిస్కెట్ల డబ్బా తాళం ఎవరికో ఇచ్చేసి వచ్చింది. ఆఖర్న జయపాలన్న, మైకు కింద పెట్టి.

సలోమి బండ మీద నిలబడింది. అన్ని చేతులు ఒకేసారి తన కోసం చాచి ఉండటం చూసి, ముందు ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. తర్వాత పడింది.

మావయ్య అరిచిన అరుపుకి కొండ మీద పులి లేచి కూర్చుంది. పిల్లల కన్నా గట్టిగా ఏడ్చాడు. కానీ వదల్లేదు.

నీతి: దేవుణ్ణి నమ్మమని పిల్లలకి చెప్పే ముందు, వాళ్ళు పడేచోట నువ్వు నిలబడు. ప్రార్థన చెయ్యి, తప్పు లేదు, కానీ చేతులు చాపి, కళ్ళు తెరిచి చెయ్యి.